గడ్డలో రక్తప్రవాహం పెరగడం మంచిదా, చెడ్డదా? నాన్నగారి ఎమ్మారై రిపోర్టు మీద ఒక సందేహం

కట్టమంచి_కొడుకు
మా నాన్నగారికి అరవై రెండేళ్ళు. చిత్తూరులో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది ఇంట్లో ట్యూషన్ చెబుతుండగా చేతిలోని సుద్దముక్క జారిపడింది. వంగి తీసుకున్నారు, మళ్ళీ జారింది. మూడోసారి జారినప్పుడు పిల్లలు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. వారం తిరగకముందే స్కానింగులో మెదడు ఎడమవైపు గడ్డ కనిపించింది. వేలూరులో ఆపరేషన్ చేశారు. బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్, గ్రేడ్ 4 అని వచ్చింది. తిరుపతిలో ముప్ఫై రోజుల రేడియేషన్, దాంతోపాటు టెమోజోలోమైడ్ అనే కీమో మాత్రలు, ఆ తర్వాత నెలకు ఐదు రోజుల చొప్పున నాలుగు విడతల మాత్రలు పూర్తయ్యాయి.

ఇప్పుడు వచ్చిన ఎమ్మారైలో పాత గడ్డ అంచున కొత్తగా కాంట్రాస్ట్ (స్కానింగు కోసం నరంలోకి ఎక్కించే మందు) పట్టిన భాగం ఉందనీ, అక్కడ పర్ఫ్యూజన్, అంటే రక్తప్రవాహం, ఎక్కువగా ఉందనీ రాశారు. గడ్డ కొత్త రక్తనాళాలను పెంచుకుంటోందని, ఇది మంచి సూచన కాదని, వాటిని అడ్డుకోవడానికి బెవాసిజుమాబ్ ఎక్కిద్దామని డాక్టరు గారు చెప్పారు. అంతవరకు నాకు అర్థమైంది. ఆ రాత్రే బెంగళూరులో ఉండే మా బావ ఒక పరిశోధన వివరం పంపించాడు. రక్తనాళాలను అడ్డుకునే మందు వాడిన మెదడు క్యాన్సర్ రోగులలో, ఎవరి గడ్డలో రక్తప్రవాహం పెరిగిందో వాళ్ళే ఎక్కువ కాలం బతికారని అందులో ఉంది. ఒకచోట రక్తప్రవాహం ఎక్కువైతే చెడ్డది, ఇంకోచోట పెరిగితే మంచిది! నాన్నగారి భాషలో చెప్పాలంటే ఈ సమీకరణంలో ఎక్కడో ప్లస్సు మైనస్సు తారుమారైంది. ఎక్కడో ఎవరైనా చెప్పగలరా? ధైర్యంగా ఉండమని చెప్పేవాళ్ళు ఇంట్లో చాలామందే ఉన్నారు, కాబట్టి ఇక్కడ విషయం మాత్రమే చెప్పండి.

పాకాల_ప్యాసింజర్
రెండూ నిజమే కావచ్చు. ఒకటి మందుకు ముందు మాట, రెండోది మందు తర్వాత మాట. అది అలా ఉంచి, రేడియేషన్ ముగిసి ఎన్నాళ్ళయిందో చెప్పండి.

కట్టమంచి_కొడుకు
అయిదున్నర నెలలయింది.

ఎమ్మారై_గది
నేను తిరుపతిలో పదకొండేళ్ళుగా ఎమ్మారై టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. డాక్టరును కాను, కాబట్టి బొమ్మ ఎలా వస్తుందో అంతవరకే చెబుతాను.

ప్యాసింజర్ గారు ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో గడ్డ పెరగకపోయినా స్కానింగులో పెరిగినట్టు కనిపించడం తరచుగా జరుగుతుంది. రేడియేషన్ తాకిడికి అక్కడి రక్తనాళాలు కారడం మొదలుపెడతాయి, మనం ఎక్కించిన గాడోలినియం మందు ఆ కారిన చోట చేరి తెల్లగా మెరుస్తుంది. అందుకే తెల్లగా ఉన్నదంతా గడ్డ అనుకోకూడదు. ఆ తెలుపు చెప్పేది ఇక్కడి నాళాలు కారుతున్నాయన్న ఒక్క సంగతే.

పర్ఫ్యూజన్ వేరే పరీక్ష. చేతి నరంలోకి మందును వేగంగా నెట్టి, అది మెదడు గుండా దాటిపోయే కొద్ది సెకన్లలో ఒకదాని వెంట ఒకటి బొమ్మలు తీస్తాము. మందు వచ్చినప్పుడు సిగ్నల్ ఒక్కసారి లోయలా పడిపోయి మళ్ళీ లేస్తుంది. ఆ లోయ వైశాల్యాన్ని బట్టి అక్కడ ఎంత రక్తం ఉందో లెక్కగట్టి, అవతలి వైపు ఆరోగ్యంగా ఉన్న మెదడు భాగంతో పోలుస్తారు. పాత రేడియేషన్ దెబ్బ అయితే సాధారణంగా ఆ లెక్క తక్కువగా, నిజంగా గడ్డ తిరగబెడితే ఎక్కువగా ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో డాక్టరు గారు దాన్ని చెడ్డ సూచన అన్నది ఇందుకే. నాళాలు బాగా కారుతున్నచోట ఈ లెక్క తప్పే అవకాశం ఉంది, అందుకే కొన్నిచోట్ల ముందుగా కొంచెం మందు ఎక్కించి ఆ తర్వాత అసలు పరీక్ష చేస్తారు. పాత స్కానింగు, కొత్త స్కానింగు ఒకే యంత్రంలో ఒకే పద్ధతిలో తీశారా?

కట్టమంచి_కొడుకు
లేదండీ. మొదటిది తీసిన సెంటరులో పర్ఫ్యూజన్ కూడా చేశామని బిల్లు వేశారు గానీ, ఇచ్చిన సీడీలో ఆ బొమ్మలే లేవు. రెండుసార్లు వెళ్ళి అడిగితే పాత డేటా తుడిచేశామన్నారు. ఊరూ పేరూ ఎందుకులెండి. ఇప్పటి స్కానింగు వేరేచోట తీయించాము.

ఎమ్మారై_గది
అయితే పాతదానితో పోల్చే వీలు లేదు. ఇక మీదట తీసేవన్నీ ఒకేచోట తీయించండి. ఫిల్ములు, రిపోర్టు చేతికి రాగానే బయటికి రాకుండా, సీడీని అక్కడే కంప్యూటరులో పెట్టి చూపించమనండి.

తోతాపురి_తోట
మాది బంగారుపాళ్యం దగ్గర. పది ఎకరాల మామిడి, రెండెకరాల టమోటా. మా తమ్ముడికి ఇదే జబ్బు వచ్చినప్పుడు వేలూరులో ఒక చిన్న డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. మీ బావ పంపిన విషయానికి ఆ మాటే సరిపోతుందనిపిస్తోంది.

టమోటాకు డ్రిప్ వేసి, ఆ నీళ్ళతోనే ఎరువు కలిపి వదులుతాము. ఉడతలు కొరికి పైపులకు యాభైచోట్ల చిల్లులు పడ్డాయనుకోండి. మోటారు పూర్తిగా తిరుగుతుంది, నేలంతా బురదవుతుంది, కానీ ప్రెషరు లేక కొసన ఉన్న మొక్కకు చుక్క కూడా చేరదు. పైనుంచి చూసేవాడికి చేలో నీళ్ళు బాగా ఉన్నట్టే ఉంటుంది. ఇప్పుడు చిల్లులకు బిరడాలు కొట్టాననుకోండి, అదే మోటారుతో కొస మొక్కకు కూడా నీళ్ళూ ఎరువూ అందుతాయి. గడ్డలోని రక్తనాళాలు కూడా అలా కొరికేసిన పైపులేనట. వంకరటింకరగా, కారుతూ ఉంటాయట. మందుతో కొన్నాళ్ళపాటు వాటి చిల్లులు మూసుకుంటే ప్రవాహం సరిగ్గా సాగి కీమో మందు లోపలిదాకా వెళుతుంది. మీ బావ పంపిన పరిశోధనలో రక్తప్రవాహం పెరిగినవాళ్ళంటే చిల్లులు పూడినవాళ్ళని నా అర్థం.

పాకాల_ప్యాసింజర్
అన్నా, మెడికల్ కాలేజీలో నాకు ఎవరూ దీన్ని ఇంత శుభ్రంగా చెప్పలేదు.

అలిపిరి_మెట్లు
తోతాపురి గారి పోలిక చాలా బాగుంది, కానీ ఒక మూల అతుకు వేయాలి. నేను తిరుపతిలో జీవశాస్త్రం చెబుతాను, మా పెద్దమ్మ ఇదే జబ్బుతో పోయింది కాబట్టి దీన్ని కొంత లోతుగా చదివాను.

మొదటి ఆలోచన చిల్లులు పూడ్చడం కాదు, గేటువాల్వు కట్టేయడం. కణితి కొత్త రక్తనాళాలను రప్పించుకోలేకపోతే కొద్ది మిల్లీమీటర్లు దాటి పెరగలేదని, కాబట్టి ఆ నాళాలను అడ్డుకుంటే చాలునని జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. రక్తనాళానికి దూరంగా, అంటే మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులు దాటితే, కణానికి ఆక్సిజన్ అందదు. ఊపిరాడని కణం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసి నాళాలను తనవైపు పిలుచుకుంటుంది. ఆ ప్రోటీన్‌ను 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వేరుచేసింది. దానికి విరుగుడుగా తయారైన యాంటీబాడీయే బెవాసిజుమాబ్. వీఈజీఎఫ్‌కు అంతకుముందే, 1983లో, ఇంకో పేరు ఉండేది. నాళాలను కారేలా చేసే పదార్థం అనే అర్థం వచ్చే పేరు. నాళాలను పెంచేదీ కారేలా చేసేదీ ఒకే ప్రోటీన్ కావడంలోనే కట్టమంచి తమ్ముడు అడిగిన తిరకాసంతా ఉంది.

గ్లియోబ్లాస్టోమాలో ఇది మరీ ఎక్కువ. సూక్ష్మదర్శిని కింద నాళాలు గుత్తులు గుత్తులుగా పెరిగి ఉండటం ఈ జబ్బును గ్రేడ్ 4 అని నిర్ణయించే లక్షణాలలో ఒకటి. అన్ని నాళాలున్నా కణితి మధ్యభాగం ఆక్సిజన్ లేక చచ్చిపోతుంటుంది. ఆక్సిజన్ లేనిచోట రేడియేషన్ కూడా సరిగ్గా పనిచేయదు. నాళాలను మొత్తంగా చంపడం కంటే కొంతకాలం వాటిని దారిలో పెట్టడమే మేలు కావచ్చునని 2001లో వాదించినవారు రాకేశ్ జైన్. కాన్పూరు ఐఐటీలో చదివి హార్వర్డ్‌లో స్థిరపడినవారు. మీ బావ పంపినది బహుశా 2013లో వచ్చిన, సెడిరానిబ్ అనే మాత్ర మీద ఆయన సహచరులు చేసిన పరిశోధన అయ్యుండాలి. రేడియేషన్, కీమోతోపాటు ఆ మాత్ర వాడినవారిలో, ఎవరి గడ్డకు రక్తం మెరుగ్గా అందిందో వారిలో ఆక్సిజన్ కూడా మెరుగుపడింది, వారు ఎక్కువ కాలం జీవించారు.

ఇక ఆ అతుకు సంగతి. తక్కువమంది రోగుల మీద చేసిన పరిశోధన అది. రక్తం అందడం వల్ల ఎక్కువ కాలం బతికారా, లేక జబ్బు కొంచెం మెతకగా ఉన్నవాళ్ళకే రక్తం అందిందా అన్నది దాన్నిబట్టి తేల్చలేము. అదే సెడిరానిబ్‌ను తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాలో మూడు వందలకు పైగా రోగులకు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితం కూడా 2013లోనే వచ్చింది. పాత కీమో మందైన లోమస్టీన్ కంటే అది జబ్బును ఎక్కువ కాలం ఆపలేదని అందులో తేలింది.

తోతాపురి_తోట
అతుకు ఒప్పుకుంటున్నాను. బాగా కాసే చెట్టుకే నీళ్ళు ఎక్కువ పెడతాం గనుక, నీళ్ళ వల్ల కాసిందా కాసే చెట్టు గనుకనే నీళ్ళు పెట్టామా అన్నది మా ఊళ్ళో కూడా ఇంకా తెగలేదు.

పుత్తూరు_వాసి
రక్తనాళాలను అడ్డుకోవడానికి లక్షలు పోయడం దేనికి? సొరచేప మృదులాస్థి పొడి గుళికలు అదే పని చేస్తాయని మా బంధువు ఒకరు చెప్పారు, ఆయనే తెప్పించి ఇస్తారు కూడా. పసుపు సారం కలిపి వాడితే ఇంకా మంచిదట.

అలిపిరి_మెట్లు
మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవన్న పరిశీలన నిజమే, ఫోక్‌మన్ కాలంలోనే దాని మీద ప్రయోగాలు జరిగాయి. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని 1990లలో ప్రపంచమంతా ఆ పొడి అమ్మారు. మనుషుల మీద సరైన పరీక్ష పెట్టినప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల ఆయుష్షు దానివల్ల పెరగలేదు. పసుపు సారం గుళికలు కీమో మందులతో కలిసినప్పుడు ఏం చేస్తాయో తెలియకుండా, డాక్టరుకు చెప్పకుండా ఇవ్వడం ఇంకా ప్రమాదం.

పాకాల_ప్యాసింజర్
మీ ఊరి కట్టు మీద నాకూ గౌరవమే, చిన్నప్పుడు మోచెయ్యి విరిగితే అక్కడే కట్టించుకున్నాను. కానీ పుత్తూరువాళ్ళు కూడా ఎముకకే కట్టు కడతారు గానీ మెదడుకు కాదు కదా!

పుత్తూరు_వాసి
సరేనండి. ఆయనకు ఫోను చేసి వద్దని చెబుతాను.

కాట్పాడి_డైలీ
మా వారికి బెవాసిజుమాబ్ పదకొండు విడతలు ఎక్కించాము. చిత్తూరు నుంచి రెండు వారాలకొకసారి తెల్లవారుజాము బస్సు. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను.

ఎమ్మారై_గది గారు తెలుపు గురించి చెప్పినదాని రెండో సగం నేను చెబుతాను. మందు మొదలుపెట్టిన రెండు నెలలకు స్కానింగు తీస్తే తెలుపు దాదాపు మాయమైంది. ఫిల్మును వెలుతురుకు పెట్టి నేనే చూశాను. కాణిపాకం వెళ్ళి మొక్కు తీర్చుకుని, వీధంతా లడ్లు పంచాను. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు, ఇంకో రకం బొమ్మ తీసి పెట్టారు. ఫ్లెయిర్ అంటారట. అందులో పొగమంచులాంటి మరక పాతదానికంటే వెడల్పుగా ఉంది. నాళాలు కారడం ఆగింది కాబట్టి తెలుపు పోయింది గానీ, కణాలు పక్కనున్న మంచి నాళాలను పట్టుకుని మెల్లగా పాకుతూనే ఉన్నాయని చెప్పారు. అయిదో నెలలో మాట తడబడింది, ఎనిమిదో నెలలో ఆయన వెళ్ళిపోయారు. లడ్లు పంచినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, కానీ ఆ తెలుపు పోవడం అంటే ఏమిటో ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఎమ్మారై_గది
అమ్మా, మీరు చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకునే 2010లో అంతర్జాతీయంగా కొలత పద్ధతులనే మార్చారు. కాంట్రాస్ట్ పట్టిన భాగాన్ని ఒక్కదాన్నే కొలిచేవారు కాస్తా, ఫ్లెయిర్ మరకనూ, వాపు తగ్గించే స్టెరాయిడ్ మోతాదునూ రోగి పరిస్థితినీ కలిపి చూడడం అప్పటి నుంచే.

కట్టమంచి_కొడుకు
కాట్పాడి అక్కా, ఇది రాయడం మీకు ఎంత కష్టమైందో ఊహించగలను. అయితే ఈ మందుతో ఆయుష్షు పెరగదనేనా? అంకెలు ఉంటే చెప్పండి. నాన్నగారు అడుగుతున్నారు, ఆయనకు అంకెలు దాచడం ఇష్టం ఉండదు.

అలిపిరి_మెట్లు
అంకెలే అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇవన్నీ మధ్యస్థాలు, అంటే సగంమంది అంతకంటే ఎక్కువ కాలం జీవించారని మాస్టారికి నేను వివరించనక్కర్లేదు.

రేడియేషన్‌కు టెమోజోలోమైడ్ కలిపినప్పుడు మధ్యస్థ జీవితకాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగిందని 2005లో తేలింది. రెండేళ్ళు దాటినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. దీనికి బెవాసిజుమాబ్‌ను మొదటి నుంచే కలిపి చూసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. ఒకదానిలో జబ్బు ముదరకుండా ఆగిన కాలం 6.2 నుంచి 10.6 నెలలకు పెరిగింది, కానీ జీవితకాలం 16.7, 16.8 నెలలుగా సమానంగానే ఉండిపోయింది. రెండోదానిలోనూ జీవితకాలంలో మెరుగుదల లేదు. తిరగబెట్టిన జబ్బులో లోమస్టీన్‌కు ఈ మందు కలిపిన పరీక్ష 2017లో వచ్చింది. జబ్బు ఆగిన కాలం 1.5 నుంచి 4.2 నెలలు అయింది, జీవితకాలం 8.6, 9.1 నెలలు, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికా 2009లోనే ఈ జబ్బుకు దీన్ని అనుమతిస్తే ఐరోపా అనుమతించలేదు.

కాబట్టి ఆయుష్షు కోసమే అయితే ఇంత ఖర్చు పెట్టడాన్ని నేను సమర్థించలేను.

కాట్పాడి_డైలీ
మెట్లు గారూ, మీ అంకెలను నేను కాదనను. కానీ మందుకు ముందు మా వారికి రోజుకు 16 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉండేది. ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది, తొడలు సన్నబడి కుర్చీలోంచి లేవలేకపోయేవారు, రాత్రి రెండు గంటలకు లేచి సంగటి పెట్టమనేవారు, చక్కెర నాలుగు వందలు దాటేది. మూడో విడత తర్వాత స్టెరాయిడ్ 4కు దిగింది. వాపు తగ్గి చెయ్యి కదిలింది. తన గడ్డం తనే గీసుకున్నారు. నాలుగు నెలలు మనిషి మనిషిలా ఇంట్లో ఉన్నారు. ఆ నాలుగు నెలలు మీ పట్టికలో ఏ గడిలో ఉన్నాయి?

అలిపిరి_మెట్లు
న్యాయమైన ప్రశ్న. నిజానికి ఆ విషయంలో ఆ రెండు పరీక్షలే ఒకదానితో ఒకటి విభేదించాయి. మొదటిదానిలో రోగుల దైనందిన స్థితి ఎక్కువ కాలం నిలబడిందని, స్టెరాయిడ్ అవసరం తగ్గిందని వచ్చింది. రెండోదానిలో మందు తీసుకున్నవారికి జ్ఞాపకశక్తి, ఆలోచన కొంత ఎక్కువగా తగ్గాయని, బాధలు పెరిగాయని వచ్చింది. వాపుతో మంచం పట్టిన మనిషికి ఇవ్వడం వేరు, బాగానే తిరుగుతున్న మనిషికి మొదటిరోజు నుంచే ఇవ్వడం వేరు అని నేను సరిపెట్టుకున్నాను. సమర్థించలేనన్న నా మాటను అంతమేరకు వెనక్కి తీసుకుంటున్నాను.

పాకాల_ప్యాసింజర్
అయితే కట్టమంచి తమ్ముడు డాక్టరును అడగవలసినది "దీనివల్ల ఎన్నాళ్ళు పెరుగుతుంది" అని కాదు. నాన్నగారికి ఇప్పుడు ఉన్న ఇబ్బందిలో వాపు వాటా ఎంత, స్టెరాయిడ్ ఎంత వాడుతున్నారు, రెండోసారి ఆపరేషన్‌కు గానీ లోమస్టీన్‌కు గానీ అవకాశం ఉందా అని. ఆపరేషన్ ఆలోచన ఉంటే అది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ మందు గాయాన్ని మాననివ్వదు. ఆపరేషన్‌కూ మందుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఎడం ఉంచుతారు.

పీలేరు_మందులషాపు
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు ఈ మందుకు మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే అసలు మందులాంటివే వేరే కంపెనీలవి, చాలా ఉన్నాయి, ధర మునుపటంత లేదు. మోతాదు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, రెండు వారాలకొకసారి. సీసాలు 100, 400 మిల్లీగ్రాములవి వస్తాయి. మీ నాన్నగారు 62 కిలోలున్నారనుకోండి, 620 అవుతుంది. ఆ చివరి ఇరవై కోసం ఇంకో సీసా పగలగొట్టాలా, 600తో సరిపెట్టవచ్చా అని డాక్టరును అడగండి. చాలామంది దగ్గరి అంకెకు సవరిస్తారు. మందు బయట కొంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి తేవాలి. గడ్డ కట్టకూడదు, కాబట్టి సీసాను నేరుగా ఐసు మీద పెట్టకండి. కుదపకండి. ప్రతి విడతకు ముందు బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. కాలి పిక్క వాచి నొప్పిపెట్టినా, ఆయాసం వచ్చినా, ఆగని రక్తస్రావం ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి.

మోడరేటర్
రెండు పోస్టులలో షాపుల ఫోన్ నంబర్లు ఉన్నందున తొలగించాము. రిపోర్టు ఫోటోలు పెట్టేవారు పేరు, ఆసుపత్రి నంబరు కనిపించకుండా చూసుకోవలసిందిగా మనవి.

కట్టమంచి_కొడుకు
ఆలస్యమైంది, క్షమించండి. మొన్న తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనూ ఇంకోచోటా చూపించాము. గడ్డ మాటలకు సంబంధించిన చోటుకు ఆనుకుని ఉంది కాబట్టి రెండో ఆపరేషన్ వద్దన్నారు. స్టెరాయిడ్ 12లో ఉంది, కుడి చెయ్యి బరువుకు కారణం చాలావరకు వాపేనన్నారు. మీరందరూ రాసినది నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను, 8.6, 9.1 కూడా. కాసేపు కిటికీవైపు చూసి, "తేడా సున్నా పాయింటు అయిదు. చెయ్యి వస్తుందంటే వేయించు, ఆయుష్షు పేరు చెప్పి మాత్రం వేయించకు" అన్నారు.

నిన్న మొదటి విడత ఎక్కింది. తొంభై నిమిషాలు పట్టింది. బీపీ 138/86. తోతాపురి గారి డ్రిప్ పైపుల సంగతి ఆయనకు బాగా నచ్చింది, సెలైన్ చుక్కలు పడుతుంటే నర్సమ్మకు కూడా వివరించారు.

తోతాపురి_తోట
మాస్టారికి ఉడతల సంగతి కూడా చెప్పారా?

కట్టమంచి_కొడుకు
చెప్పాను. మీ చేలో ఉడతలకు వీఈజీఎఫ్ అని పేరు పెట్టమన్నారు.

కాట్పాడి_డైలీ
స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగానే దించండి తమ్ముడూ, చెయ్యి కదిలింది కదా అని ఒకేసారి ఆపవద్దు. రెండో విడతకు చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నారో లేదో చూసి ఇక్కడ రాయండి.

ఎమ్మారై_గది
ఎనిమిదో వారం స్కానింగుకు వెళ్ళేటప్పుడు ఇప్పటి సీడీ కూడా తీసుకెళ్ళండి. ఫ్లెయిర్, పర్ఫ్యూజన్ రెండూ చీటీలో రాయించండి, రాయకపోతే తీయరు.